స్పానిష్ ఆర్చ్ దగ్గర ఆర్కిటెక్ట్

శేషగిరి ఆర్కిటెక్టే. కాదని ఎవరూ అనలేరు. ఐర్లాండ్‌లోని గాల్వేలో వైద్య పరికరాలు తయారుచేసే ఒక కంపెనీలో సొల్యూషన్ ఆర్కిటెక్ట్. కంప్యూటర్ల ముందు కూర్చోవడం తప్ప ఇటుక మీద ఇటుక పెట్టిన పాపాన పోలేదు. వంటింట్లో గిన్నెల అల్మరా తలుపు ఊడి ఆరు నెలలైనా ఆ మహానుభావుడి చెయ్యి దాని మీద పడలేదు.

ఆయన భార్య సత్యవాణి కూడా ఆర్కిటెక్టే. విశాఖలో అయిదేళ్లు చదివింది. రెండేళ్లు పాత బంగళాల మరమ్మతు పనుల్లో ఎండలో నిలబడింది. పెళ్లయి వచ్చాక పదకొండేళ్లుగా పప్పుకు తాలింపు వేస్తూ, ఎనిమిదేళ్ల కూతురు హాసినిని బడిలో దింపుతూ ఉంది. ఆమె చదువు సంగతి ఊళ్లోని తెలుగు సంఘంలో ఒక్కరికీ తెలియదు. చెప్పాల్సిన మనిషికి ఎప్పుడూ గుర్తు రాలేదు.

దీపావళికి స్పానిష్ ఆర్చ్ దగ్గర దీపాలు పెట్టుకుంటామని సంఘం వాళ్లు ఊళ్లోని పాత కట్టడాలు చూసుకునే ఒక ట్రస్టుకు శేషగిరి పేరు మీద అర్జీ పెట్టారు. ఆ ఇంట్లో ఏ ఫారమైనా నింపేది సత్యవాణే. వృత్తి అన్న గడిలో సొల్యూషన్ అనే మాట పట్టలేదు. ఆర్కిటెక్ట్ అని మాత్రం రాసి పంపేసింది.

వారానికి జవాబు వచ్చింది. దీపాలకు సరేనన్నారు. మీలో ఒక ఆర్కిటెక్ట్ ఉన్నందుకు చాలా సంతోషమన్నారు. ఆర్చ్ చుట్టుపక్కల పాత గోడల సర్వే మొదలవుతోందనీ, ఆరు నెలల పనికి ఒక మనిషి కావాలనీ, శనివారం వచ్చి చూసి మాట్లాడమనీ రాశారు.

సత్యవాణి ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివింది. ఆ ఆరు నెలలు దొరికితే ఈ దేశంలో తన చదువుకు మళ్లీ ఒక దారి దొరుకుతుంది. పదకొండేళ్లలో ఇలాంటిది గడప దాకా రావడం ఇదే మొదలు. కాకపోతే మొగుడి పేరు మీద వచ్చింది. నేను కాదు, మా ఆవిడ అని ఒక్క ముక్క మెయిలు పెట్టమని అడిగింది.

ఆయన అప్పటికే ఉత్తరాన్ని సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. నలభై మంది చప్పట్ల బొమ్మలు పంపారు. సంఘం పెద్ద మధుసూదన్ గారైతే, గాల్వే గర్వించదగ్గ తెలుగుబిడ్డ అని రాశారు. తెలుగుబిడ్డ కాళ్లు ఇక నేల మీద ఆనలేదు.

"ఇప్పుడు కాదంటే పరువు పోద్ది సత్యా. ఓసారి కనపడి, నాకు టైం లేదని చెప్పేసొస్తాను. నువ్వూ రా, ఏమన్నా అడిగితే తెలుగులో అందిద్దువుగాని."

ఇన్నాళ్లూ టవలు, టిఫిన్ డబ్బా అందించింది, ఇప్పుడు చదువు కూడా అందించాలట. ఆ మనిషి మీద ఆమెకు కోపం ఎప్పుడో అయిపోయింది. మిగిలింది ఏహ్యభావమే.

కొరిబ్ నది ఒడ్డున ఉంటుంది ఆ ఆర్చ్. 1584లో ఊరి గోడను రేవు దాకా పొడిగించినప్పుడు కట్టారు. ఇటలీలో ద్వారాలకు బొమ్మలు చెక్కుతున్న కాలంలో ఇక్కడివాళ్లు రేవు కాపలాకు ముతక రాళ్లతో గోడ లేపి కమానులు తీశారు. ఆడంబరం లేదు. సత్యవాణికి అందుకే ఇష్టం. శేషగిరి మాత్రం పెదవి విరిచాడు. ఓరుగల్లు తోరణం ముందు ఇది గేదెల కొట్టం గుమ్మంలా ఉందన్నాడు. ఓరుగల్లునైనా ఆయన క్యాలెండర్లోనే చూశాడు.

ట్రస్టు తరఫున నూలా అనే యాభయ్యేళ్ల మనిషి గొడుగు లేకుండా వానలో నిలబడి ఉంది. పక్కనున్న ఒక పాత గోడ చూపించి, రాళ్లు ఇలా పెచ్చులూడుతున్నాయి, ఎందుకంటారని అడిగింది.

శేషగిరి గోడను ఒకసారి తట్టాడు. ఆఫీసులో సర్వరు ఆగిపోయినప్పుడు పెట్టే గంభీరమైన మొహం పెట్టాడు. ముందు రోడ్‌మ్యాప్ కావాలన్నాడు. లెగసీ సిస్టమ్ అన్నాడు. చివరికి, పైనుంచి కిందికి సిమెంటు పూయించేస్తే వందేళ్లు ఇటు చూడక్కర్లేదని తేల్చాడు.

నూలా మొహం మాడిపోయింది. ఆ గోడను తింటున్నదే సిమెంటు. ఎవరో ఎప్పుడో సందుల్లో పాత సున్నం గీకేసి సిమెంటు కూరారు. లోపలి తడికి బయటికి దారి లేక రాతిని పగలగొట్టుకుని వస్తోంది.

తప్పులో కాలేశానని శేషగిరికి తెలిసిపోయింది. నవ్వు చెదరకుండా భార్య వైపు వంగాడు.

"ఏం చెప్పాలే? త్వరగా చెప్పు."

సత్యవాణి గోడ వైపే చూస్తోంది. మీరెవరని నూలా ఆమెను అడిగింది. మా ఆవిడ, నాకు నోట్సు రాస్తుందని శేషగిరి ఇంగ్లీషులో సర్దేశాడు.

ఆమె అతన్ని దాటుకుని గోడ దగ్గరికి వెళ్లింది. సిమెంటు ఎక్కడ మొదలైందో వేలితో చూపించింది. దాన్ని చేత్తో నెమ్మదిగా తొలిచి, మళ్లీ సున్నంతో నింపాలని చెప్పింది. తర్వాత నూలా కళ్లలోకి చూసింది.

"ఈయన కంప్యూటర్ల ఆర్కిటెక్ట్. గోడల గురించి ఏమీ తెలీదు. గోడల ఆర్కిటెక్ట్‌ని నేను. ఫారంలో తప్పు రాసింది కూడా నేనే."

ఏ సున్నంతో పనిచేశారని నూలా అడిగింది. గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నమని చెప్పి, ఎన్నాళ్లు నానబెట్టేవారో కూడా చెప్పింది సత్యవాణి. నూలా నోట్‌బుక్ తీసింది. సోమవారం తొమ్మిదింటికి సర్టిఫికెట్లు పట్టుకుని రాగలరా అని అడిగింది.

కారు దాకా శేషగిరి ఆమెకు రెండడుగుల ముందే నడిచాడు. బాగా చెప్పావు అంటాడేమోనని సత్యవాణి నది ఒడ్డు పొడుగునా సిగ్గులేకుండా ఎదురుచూసింది. అలా ఎదురుచూసినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"గ్రూపులో ఇప్పుడేమని చెప్పమంటావే?" అన్నాడు కారెక్కాక.

ఆమె సీటు బెల్టు పెట్టుకుంది.

"సోమవారం నుంచి హాసినిని బళ్లో దింపేది మీరేనని చెప్పండి."