మనిషిని చూసి అల్లిన మంచం

మంచం మీద మనిషి ఉండగానే మంచం తీసుకుపోయారు. నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను. శుక్రవారం పొద్దున, సౌదీలో జుబైల్ బయట మా కంపెనీ క్యాంపులో, పద్నాలుగో నంబరు గదిలో. ఇద్దరు బాలన్నను చంకల కింద, మోకాళ్ల కింద పట్టి ఎత్తి నేల మీద దించారు. మరో ఇద్దరు మంచం ఎత్తుకుని బయటికి నడిచారు. బాలన్న పళ్లు బిగబట్టి మూలిగాడు. గుమ్మంలో నిలబడ్డ మేనేజర్ "జాగ్రత్త, జాగ్రత్త" అన్నాడు. బాలన్న గురించి కాదు, మంచం కోడు గోడకు తగులుతుందని.

ఆ మంచం సంగతి చెప్పాలి. బాలన్నది జగిత్యాల దగ్గరి పల్లె. ప్లాంటు ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్ పనిలో పైపుల పరంజా మీది నుంచి పడ్డాడు. నడుము దెబ్బతింది. క్యాంపు క్లినిక్‌లో నొప్పి బిళ్లలు చేతిలో పెట్టి గదికి పంపారు. గదిలో ఉన్నవి ఇనుప మంచాలు, మధ్యకు కుంగిపోయిన పరుపులు. ఆ పరుపు కుట్టు విప్పితే నల్లులు కుప్పలుగా రాలేవి. చంపితే వచ్చే ఆ కంపు నా ముక్కులో ఇంకా ఉంది. బాలన్న ఆ గుంటలో పడుకుని ఏడ్చేవాడు.

వెల్డర్ బుచ్చన్న చూడలేకపోయాడు. నిర్మల్ దిక్కు మనిషి, ఊళ్లో మంచాలు అల్లిన చెయ్యి. పైపులు వచ్చిన పెట్టెల చెక్కతో పట్టెలు, కోళ్లు చేశాడు. లోడు కట్టి పారేసిన నూలు తాళ్లు ఏరాం. అల్లే ముందు బాలన్నను నేల మీద పడుకోబెట్టి భుజాలు, నడుము, మడమలు సుద్దముక్కతో గీసుకున్నాడు.

"గీతలెందుకే?" అని అడిగాను.

"పండెటోన్ని సూడకుంట మంచమెట్ల అల్లుతరు? ఈనకు నడుం కాడ బిగువుండాలె. భుజాల కాడ జర వదులియ్యాలె. ఎవని ఒళ్లు వానిదే."

ఆ రోజు బాలన్న మధ్యాహ్నమంతా కదలకుండా నిద్రపోయాడు. మేం గదిలో చెప్పులు విప్పి నడిచాం.

తర్వాతి వారం తనిఖీకి వచ్చిన మేనేజర్ ఆ మంచం చూశాడు. అల్లిక మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. "మిషన్ కాదా? చేత్తోనా?" అని రెండుసార్లు అడిగాడు. బుచ్చన్నను అల్లుతున్నట్టు కూర్చోమని ఫోటోలు తీశాడు. మేం కూడా పక్కన చేరితే చెయ్యి ఊపి జరగమన్నాడు. ముఖాలు వద్దట, చేతులు చాలట. ఆ మరుసటి శుక్రవారమే మంచం పోయింది.

అదే రోజు మేనేజర్ మమ్మల్ని భోజనాల షెడ్డులో కూర్చోబెట్టాడు. సముద్రం ఒడ్డున ఎవరిదో కొత్త కాఫీ హోటల్. అలాంటి మంచాలే పన్నెండు కావాలన్నాడు. అవి అల్లి ఇస్తే బాలన్నను పెద్దాసుపత్రిలో చూపించి, ఎగ్జిట్ వీసా కొట్టించి ఇంటికి పంపుతానన్నాడు. మీ చేతుల్లో బంగారం ఉందన్నాడు.

మేం ఒప్పుకున్నాం. బాలన్న కోసమే ఒప్పుకున్నామని చెప్పుకోవచ్చు. కానీ సగమే నిజం. ఆ మెప్పుకు ఉబ్బిపోయాం. ఇన్నేళ్లలో ఆ కంపెనీ మా చేతులను చూడటం అదే మొదటిసారి.

పనికి పోయే అన్నలూ, చదువుకునే తమ్ముళ్లూ, ఈ మాట కాస్త ఆగి వినండి. పగలంతా మేం వేసే అతుకు ఏ పైపులో ఎక్కడుందో మాకే తెలియదు. వేసి వచ్చాక అది మాది కాదు. మంచం అలా కాదు. తాడు మన చెయ్యి చెప్పినట్టు పోతుంది. తప్పు పోతే విప్పి మళ్లీ అల్లుకుంటాం. నిర్మల్ వాళ్లు గవ్వల అల్లిక అన్నారు, నిజామాబాద్ వాళ్లు గళ్ల అల్లిక అన్నారు, పోట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. ఆరు శుక్రవారాలు మాకు సెలవు లేదని కూడా గుర్తు రాలేదు. మనిషికి చేతిపని మీద ఉండే ప్రేమ అంత గట్టిది. దాన్నే గాలంగా వేసి మమ్మల్ని పట్టారు.

మొదటి మంచం దగ్గరే బుచ్చన్న ఆగిపోయాడు. ఆఫీసులో హాజరు రాసే నౌమాన్ అక్కడే ఉన్నాడు. హైదరాబాద్ పిల్లవాడు.

"వీటిల పండెటోళ్లెవరు?" అని అడిగాడు బుచ్చన్న.

"కస్టమర్లు వస్తరు, ఫోటోలు తీసుకుంటరు. ఎవరైతే ఏంది భాయ్?"

"కొలత లేకుంట నాకు చెయ్యి సాగది." బుచ్చన్న మాలోంచి పన్నెండు మందిని పిలిచాడు. ఒక్కొక్కణ్ని నేల మీద పడుకోబెట్టి సుద్దతో గీశాడు. నా మంచం ఏడోది. ఎడమ భుజం దగ్గర కొంచెం వదులు.

మంచాలు అయ్యాయి. బస్సు డ్రైవర్ మస్తాన్ వలీది కడప. వాళ్ల ఖాలా, అంటే పిన్ని, హుస్సేన్‌బీ మేనేజర్ విల్లాలోనే పనిచేస్తుంది. ఆమె పంపిన ఫోటో అతను మాకు చూపించాడు. బాలన్న మంచం అద్దాల గదిలో ఉంది. దాని మీద తెల్ల పిల్లి పడుకుని ఉంది.

"దినామూ మా ఖాలానే ఆ తాళ్లు దువ్వి పిల్లి బొచ్చు తీస్తాందంట. వచ్చినోళ్లందరికీ సార్ అది చూపించి, చేతిపనిలో ప్రాణం ఉంటాది అని చెప్తాండాడంట." మస్తాన్ వలీ ఫోను జేబులో పెట్టుకుని పక్కకు ఉమ్మాడు.

పద్నాలుగో గదిలో బాలన్న మూడు అట్టల మీద పడుకుని ఉన్నాడు. వీపు మీద పుండ్లు లేచాయి.

గురువారం సాయంత్రం నౌమాన్ ఒక సంచి పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. సంచిలో చీటీలు. మంచానికొకటి కట్టాలి. 'ప్రేమతో, చేత్తో చేసినది' అని రాసి ఉంది. కింద బుచ్చన్న చేతుల బొమ్మ. ఎవరు చేశారో పేరు లేదు. నౌమాన్ చీటీలు కట్టలేదు, సంచి నేల మీద పెట్టి కూర్చున్నాడు.

"ఒక మాట చెప్తా. నా జాబ్ పోయినా పర్వాలేదు. సిస్టంల బాలన్న ఇఖామా చెక్ చేసిన. హురూబ్ అని పడ్డది."

ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే గుర్తింపు కార్డు. హురూబ్ అంటే పని వదిలి పారిపోయాడని కంపెనీ సర్కారుకు ఇచ్చే ఫిర్యాదు. అది పడ్డ మనిషికి వైద్యం చేయించే బాధ్యత కంపెనీకి ఉండదు. దొరికితే నేరుగా జైలు.

"ఎప్పుడు పెట్టిన్రు?" అన్నాడు బుచ్చన్న.

"పడ్డ పది రోజులకే. మీకు ప్రామిస్ చేసేటప్పటికే పెట్టేసిన్రు."

లేచి కూర్చోలేనివాడు పారిపోయాడట! అప్పుడు లేచిన గోల ఇంతా అంతా కాదు. ఒకడు బ్లేడు తీసి తాళ్లన్నీ కోసేద్దామన్నాడు. ఇంకొకడు అడ్డుపడ్డాడు. "ఇచ్చేసి కాళ్లు పట్టుకుందాం. ఇది మన దేశం గాదు. పోలీసులొస్తే మన ఇండ్లల్ల పొయ్యి ఎట్ల ఎలుగుతది?"

"కాళ్లు పట్టుకుంటె నీ మీద గూడ హురూబ్ రాస్తడు," అన్నాన్నేను. "ఇయ్యాల బాలన్న, రేపు నువ్వు."

బుచ్చన్న బ్లేడు పట్టినవాడి చెయ్యి పట్టుకున్నాడు. "పని మీద కోపమెందుకు బిడ్డా? పని మనదే. దాన్ని అమ్ముకునేటోడు దొంగ. రేపు లారీ వస్తది. ఎవని మంచంల వాడు పండుండ్రి. మంచం గావాల్నంటే మనుషుల్తోని ఎత్తుకపోనీ."

శుక్రవారం నమాజు అయ్యాక లారీ వచ్చింది. మేం పన్నెండు మందిమి షెడ్డులో పడుకుని ఉన్నాం. ఎవరి కొలతలో వాళ్లం. చుట్టూ ఎనభై మంది నిలబడ్డారు. పదమూడో పడక మేం ఇనుప మంచాల రేకులతో చేసింది. దాని మీద బాలన్న.

లోడింగుకు వచ్చిన బంగ్లాదేశీలు నలుగురు మమ్మల్ని చూసి ఆగిపోయారు. మస్తాన్ వలీ హిందీలో సంగతి చెప్పాడు. వాళ్లు చేతి తొడుగులు విప్పి లారీ నీడలో కూర్చున్నారు.

మేనేజర్ అరిచాడు. బతిమాలాడు. మళ్లీ అరిచాడు. కాఫీ హోటల్ వాళ్లు ఎదురుచూస్తున్నారన్నాడు. చివరికి పోలీసులను పిలిచాడు. జీపు వచ్చింది. ఆఫీసర్ దిగి, నాయకుడు ఎవరని అడిగాడు.

బుచ్చన్న ముందుకొచ్చాడు. "అల్లింది నేను. పండుమన్నది నేను." బాలన్నను చూపించాడు. "పారిపోయిండని కాయితం పెట్టింది ఈన మీదనే. సూడుండ్రి సారూ, ఎంత దూరం ఉరికిండో."

నౌమాన్ ఆ మాట అరబ్బీలో చెప్పాడు. ఆఫీసర్ బాలన్న ఇఖామా నంబరు ఫోనులో కొట్టి చూశాడు. బాలన్న పక్కన వంగి అతని వీపు చూశాడు. ముఖం తిప్పుకుని అంబులెన్సుకు ఫోన్ చేశాడు. కానీ మేనేజర్ ఫిర్యాదు ఫిర్యాదే. బుచ్చన్న చేతులకు బేడీలు పడ్డాయి. మేనేజర్ ముచ్చటపడి ఫోటో తీసిన చేతులే అవి.

"నిజం తేలాలంటే విచారణ జరగాలి," అన్నాడు ఆఫీసర్ జీపు ఎక్కుతూ. "ఈ దెబ్బతిన్న మనిషి ఇక్కడే ఉన్నాడని రాసిచ్చే సాక్షులు కావాలి."

బాలన్నతో అంబులెన్సు, బుచ్చన్నతో జీపు గేటు దాటాయి. మేనేజర్ నౌమాన్‌కు తెల్లకాగితం ఇచ్చాడు. "పని ఆపినవాళ్ల పేర్లు రాయి. ఒక్కొక్కణ్ని విమానం ఎక్కిస్తా."

నౌమాన్ బల్ల ముందు కూర్చున్నాడు. కాగితం పైన అరబ్బీలో రెండు వరుసలు రాసి, మాకు తెలుగులో చదివి వినిపించాడు. "బాలన్న పారిపోలేదు. పడిన రోజు నుంచి ఈ క్యాంపులోనే ఉన్నాడు. చూసినవాళ్లం మేము." దాని కింద మొదటి పేరు తనదే పెట్టాడు.

మేనేజర్ కాగితం లాక్కోబోయాడు. అప్పటికే బల్ల చుట్టూ మనుషులు నిండిపోయారు, ఆయన చెయ్యి అందలేదు. నేను ఇఖామా తీసి వరుసలో నిలబడ్డాను. వెనక్కి చూస్తే వరుస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. పక్క కంపెనీ క్యాంపు వాళ్లు గోడ దూకి వస్తున్నారు. వాళ్లలోనూ ఒకడి మీద హురూబ్ ఉందట, ఇంకో కాగితం తెమ్మని అడుగుతున్నారు.