ఎన్ నొక్కిన ఒక్క లైను

ల్యాబులో పిల్లలు నన్ను 'ఎన్ మేడమ్' అనుకునేవాళ్ళు. ఎదురుగా కాదు, చాటుగా. నంద్యాల సంజీవనగర్‌లో మా ఇన్‌స్టిట్యూట్. పద్నాలుగు పాత యంత్రాలు, అన్నింట్లో లినక్స్. దాని కెర్నెల్‌ను, అంటే యంత్రంలోని ప్రతి భాగం చేతా పని చేయించే మూల ప్రోగ్రామును, నేనే కట్టేదాన్ని. కట్టే ముందు అది వందల ప్రశ్నలు అడుగుతుంది. ఫలానా పరికరం కావాలా అని. కావాలంటే వై నొక్కాలి, వద్దంటే ఎన్. అక్కర్లేనివి తీసేస్తే ముసలి యంత్రం కూడా చురుగ్గా నడుస్తుంది. అందుకని నేను దయాదాక్షిణ్యం లేకుండా ఎన్ నొక్కేదాన్ని. యూఎస్‌బీ సపోర్ట్ అన్న పేజీ మొత్తానికి ఒకే ఒక్క ఎన్. 2003లో నంద్యాలలో యూఎస్‌బీ వస్తువు ఎవరి దగ్గర ఏడ్చిందని?

మా నాయన దేవదానం ఆళ్లగడ్డ చర్చిలో సంఘపెద్ద. ఆదివారం ఆరాధన చివర, మా ఇల్లు కాక మిగతా అరవై ఒక్క ఇళ్ళనూ పేరుపేరునా చెప్పి ప్రార్థన చేసేవాడు. చేతిలో కాగితం ఉండేది కాదు. ఎప్పుడైనా ఒక ఇల్లు తప్పిపోతే ఆ వారమంతా ఆ ఇంటివాళ్ళు మాతో ముభావంగా ఉండేవాళ్ళు. ప్రార్థన చేసే మనిషి తన ఇంటి పేరు తాను చెప్పుకోకూడదని మా సంఘంలో పద్ధతి. అందుకే చివర నాయన కాసేపు ఆగేవాడు. ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ 'దేవదానం ఇల్లు' అనేది. అప్పుడు ఆయన ఆమెన్ అనేవాడు. అమ్మ పోయాక ఆ మాట నా వంతుకు వచ్చింది. దాని కోసమే ప్రతి ఆదివారం పొద్దున్నే శిరివెళ్ళ మీదుగా బస్సులో పోయేదాన్ని.

ఆ ఏడు నాయన గొంతులో క్యాన్సర్ తేలింది. హైదరాబాదులో స్వరపేటిక తీసెయ్యాలన్నారు. ఆపరేషన్‌కు ముందురోజు ఫెబా అని ఒక నర్సు, మా జూపాడు బంగ్లా వైపు అమ్మాయి, జాలిపడి నాయన ప్రార్థనను కంప్యూటర్‌లో రికార్డు చేసింది. ఆ సమయానికి నేను రక్తపరీక్ష కాగితాల కోసం కింది అంతస్తులో ఉన్నాను. తర్వాత ఒక పెన్ డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెట్టింది. వేలెడంత వస్తువు. అందులో మా నాయన గొంతు.

ఇంటికొచ్చాక నాయన పలక మీద రాసిన మొదటి మాట: 'ఆదివారం సంగంలో వినిపించు. ముందర కూర్చోని నేనూ వింటా.' ఆయనకు ఇంకే కోరికా లేదు. మందులు వేసుకున్నావా అని అడిగినా 'ఆదివారం' అనే రాసేవాడు.

నంద్యాలలో రెండు నెట్ సెంటర్లు తిరిగాను. వాళ్ళ పాత విండోస్ యంత్రాలు పెన్ డ్రైవ్‌తో వచ్చిన సీడీ ఉంటే తప్ప దాన్ని గుర్తుపట్టవట. సీడీ ఆస్పత్రిలోనే ఉండిపోయింది. ఎవరి కాళ్ళో పట్టుకోవడం దేనికి, నా కెర్నెల్ నా చేతిలో ఉంది కదా అనుకుని బుధవారం కూర్చున్నాను. యూఎస్‌బీ సపోర్ట్, వై. యూఎస్‌బీ డిస్కు దగ్గరికి వచ్చేసరికి స్కజీ సపోర్ట్ కూడా కావాలంది. స్కజీ అంటే పెద్ద సర్వర్లలో వాడే డిస్కుల తరహా. విసుక్కుంటూ వై కొట్టాను. దాని కిందే ఇంకో లైను: స్కజీ డిస్క్ సపోర్ట్. ఆ డిస్కులు మా ల్యాబులో ఎక్కడివి? అలవాటు పడిన వేలు. ఎన్.

మధ్య మధ్య కరెంటు పోతూ, కెర్నెల్ తయారయ్యేసరికి గురువారం సాయంత్రమైంది. పెన్ డ్రైవ్ పెట్టగానే దాని లైటు వెలిగింది. దాని పేరు కూడా తెర మీదికి వచ్చింది. డిస్కు మాత్రం లేదు. తీసి పెట్టాను, తుడిచి పెట్టాను, అదే కెర్నెల్ పక్క యంత్రంలోనూ వేసి చూశాను. నాతో పాటు పాఠాలు చెప్పే రమేశ్ వచ్చి నిలబడ్డాడు.

"దెబోరక్కా, ఆప్షన్లు ఇంగొకసారి చూద్దామా?"

"నేను కట్టినదాంట్లో తప్పు పట్టేంతటోడివి అయినావా నువ్వు? పో, నీ పని చూస్కో."

నా నోరు అట్లాంటిది. పాపం, తల వంచుకుని పోయాడు.

ఆదివారం నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఒడిలో పలక. క్రిస్మస్ నుంచి ముఖం చూపని ఇళ్ళవాళ్ళు కూడా వచ్చారు. నేను వట్టి చేతులతో పోయాను.

"అది చెడిపోయింది నాయనా. దాంట్లో ఏమీ లేదు" అన్నాను. లైటు వెలిగిన సంగతి చెప్పలేదు.

ఆయన నా వైపు చూడకుండా రాశాడు: 'పోనీలే పాపా.' తువ్వాలు కొసతో దాన్ని తుడిచేశాడు. ఆ రోజు ఇళ్ళ పేర్లు ఎవరూ చెప్పలేదు.

బుధవారం మెడ గాయం నుంచి రక్తం పడింది. నంద్యాలకు తీసుకొస్తుంటే దారిలోనే, జీపులో, నా భుజం మీద పోయాడు. తన గొంతు కూడా తనకంటే ముందే పోయిందనుకుంటూ పోయాడు.

మట్టి చేసి, వారం తర్వాత ల్యాబుకు పోయాను. నా బల్ల మీద నేను పెట్టిన ఆప్షన్లన్నీ అచ్చు వేసిన కాగితాలున్నాయి. ఒక్క లైను కింద రమేశ్ పెన్సిల్ గీత. స్కజీ డిస్క్ సపోర్ట్. లినక్స్ పెన్ డ్రైవ్‌ను చూసేది స్కజీ డిస్కుగానే. ఆ ఎన్‌ను వై చేశాను. సాయంత్రానికి పెన్ డ్రైవ్ తెరుచుకుంది. 'లింగమ్మ ఇల్లు' అన్నాడు నాయన. తట్టుకోలేక స్పీకరు కట్టేశాను. మిగతాదంతా వినకుండానే క్యాసెట్‌లోకి ఎక్కించాను.

పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడిక రోజు సంఘం ముందు నిలబడి చెప్పాను. "పెన్ డ్రైవ్ చెడిపోలేదు. ఒక లైను నేనే తప్పు నొక్కినా. నాది తప్పని ఒప్పుకోల్యాక దాని మీదికి నెట్టినా. మా నాయనకు అబద్ధం చెప్పినా." ఎవరైనా తిట్టినా బాగుండేది.

క్యాసెట్ పెట్టాను. లింగమ్మ ఇల్లు. పరంజ్యోతి ఇల్లు. తమ పేరు వినగానే ఎవరింటివాళ్ళు వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అరవై ఒక్క ఇళ్ళూ అయ్యాయి. తర్వాత టేపులో మాట లేదు. ఆస్పత్రి ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఎందుకు ఆగాడో సంఘంలో అందరికీ తెలుసు. అందరూ నా వైపు తిరిగారు. నేను తిరుగుతున్న టేపునే చూస్తూ నిలబడ్డాను.

టేపులో నాయన చాలాసేపు ఎదురుచూశాడు. తర్వాత నెమ్మదిగా, పక్కనున్న నర్సుతో అన్నట్టు అన్నాడు.

"పాప కిందికి పోయింది. వచ్చినాక చెప్తాదిలే. ఆమెన్."

"దేవదానం ఇల్లు" అన్నాను.

టేపు అప్పటికే అయిపోయింది.