నాలో రంగు కనబడదు

నేను ఒక నీలి గాజు గ్లాసును. పొట్ట లావు, మూతి సన్నం, ఎత్తు మీ చూపుడువేలంత. నాలో ఏం పోసినా దాని రంగు బయటికి తెలియదు. అదే నా పని, నా పొగరూ అదే. ఫిరోజాబాద్ కొలిమిలో నన్ను ఊదిన ముసలాయన నాతో కలిపి ఆరుగురిని చేశాడు. మిగతా ఐదుగురూ కడిగే చేతుల్లో పగిలిపోయారు.

నన్ను కొనుక్కొచ్చింది మాణిక్యాంబ. గోదావరి పక్కన ఒక విస్కీ కంపెనీలో రుచి చూసే కొలువు ఆవిడది. ఆవిడ సంతకం పెట్టనిదే ఏ పీపా సరుకూ సీసాల్లోకి దిగదు. ఇరవై రెండేళ్లుగా విస్కీలు, రమ్ములు, బ్రాందీలు వాసన చూసి, పక్కపక్కన పోల్చి, పుక్కిలించి ఉమ్మేస్తోంది. కొలువులో ఉన్నవాళ్లు మింగకూడదని ఆవిడ నియమం. పనిరోజుల్లో మల్లెపూలు పెట్టుకోదు, ఆవకాయ ముట్టదు. అయినా వీధిలో వాళ్లు ఆవిడది తాగుడు ఉద్యోగమని చెవులు కొరుక్కుంటారు.

నలభయ్యో నంబరు పీపా అంటే ఆవిడకు ప్రాణం. నాలుగు ఎండాకాలాలు పాత ఓక్ చెక్కలో ఊరిన విస్కీ అది. మన ఎండలకు మూడోవంతు ఆవిరైపోయి, మిగిలింది బాగా పండింది. కానీ రంగు ఎండుగడ్డిలా లేత. అది చూసి యజమాని భుజంగరావుగారు పెదవి విరిచి, చవక సరుకులో కలిపేయమన్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఒక్కసారి నీలి గ్లాసులో రుచి చూడండి. ఆనక మీ ఇష్టం," అంది మాణిక్యాంబ.

ఆయన బీరువాలోని పద్దెనిమిదేళ్ల విదేశీ విస్కీ ముందు పోసింది. నన్ను కడిగి, తుడిచి, నలభయ్యోది పోసింది. ఏది ఏదో చెప్పలేదు. రావుగారు రెండుసార్లూ నన్ను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని కళ్లు చికిలించారు. ఏమీ కనబడక, చివరికి ముక్కు పెట్టారు.

రెండోసారి ఆయన కళ్లు మూతలు పడ్డాయి.

"ఇదీ విస్కీ అంటే! ఎండుద్రాక్ష, బెల్లంపాకం... ఆ దేశపోళ్ల పనితనం మనకెక్కడొస్తాది?"

"అది మన నలభయ్యోదండి."

ఆయన ముఖం కందగడ్డ అయింది.

"అయితే మాత్రం? రంగు లేందే ఎవడు కొంటాడు? కాల్చిన పంచదార కలిపి, పన్నెండేళ్లదని రాసెయ్. సంతకం ఎట్టెయ్."

"నాలుగేళ్లదండి అది. నేనెట్టను."

"ఉద్యోగం ఉండదు మరి!"

"ఉంచుకోండి, మీ దగ్గరే."

నాలో ఇంకా కాస్త మిగిలి ఉంది. మాణిక్యాంబ నన్ను అందుకుంది. ఉమ్మే గిన్నెను పక్కకు జరిపి, ఆయన చూస్తుండగా గటగటా మింగేసింది. దగ్గు ఆపుకుంటూ, "ఇప్పుడు కొలువులో లేను కదండీ," అంది. నన్ను కొంగులో చుట్టుకుని బయటికి నడిచింది.

తర్వాత వచ్చిన ఇద్దరు రుచిగాళ్లూ ఆ పీపా వాసన చూసి, పన్నెండేళ్లదని సంతకం పెట్టలేక వెళ్లిపోయారట. అది ఇంకా అక్కడే, కలవకుండా, లేతరంగుతోనే ఉందట.

నేను మాణిక్యాంబ వంటింటి గూట్లో ఉన్నాను. అడుగున చిన్న పెచ్చు ఊడింది. ఆవిడ ఇప్పుడు మల్లెలు పెట్టుకుంటోంది, ఆవకాయ కలుపుకుంటోంది. వచ్చినవాళ్లు నన్ను వెలుగుకు ఎత్తి, ఇందులో ఏముందని అడుగుతారు.

నేను చూపించను. ముక్కు పెట్టి తెలుసుకోండి.