పెదమామయ్య గారి పాత ఇంగ్లీషు

అమెరికా వచ్చి ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురం పెట్టి పదకొండు వారాలైంది. గరాజ్ రిమోట్ నొక్కగానే తలుపు దానంతటదే లేస్తుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. డిష్‌వాషర్ తెరవగానే మొహానికి తగిలే వెచ్చని ఆవిరి ఇష్టం. పక్కింటి సన్నీ గారంటే ఇంకా ఇష్టం.

సన్నీ గారికి డెబ్బై నాలుగేళ్లు. నడుము దాకా తెల్లటి జడ. వయసులో ఉన్నప్పుడు హిప్పీ. అప్పటి మాటలు ఇప్పటికీ ఆవిడ నోట్లోంచి పోలేదు. నేనిచ్చిన కొబ్బరి లౌజు తిని "ఫార్ అవుట్!" అంది. అద్భుతం అని అర్థమట. మనసు పాడుచేసే సంగతి బమ్మర్. ఎవరింట్లోనైనా చోటు దొరికితే పడి నిద్రపోవడం క్రాష్. నచ్చితే, అర్థమైతే, డిగ్. మత్తులో తేలిపోవడం ట్రిప్పింగ్. ఇవన్నీ నేర్చుకుని సాయంత్రాలు మా ఆయన మణి మీద ప్రయోగించేదాన్ని.

"ఎమ్మెస్సీ చదివావు, ఇదేం ఇంగ్లీషే నీకు!" అనేవాడు.

"నువ్వు డిగ్ చెయ్యవులే, మ్యాన్."

సోఫాలో దొర్లి దొర్లి నవ్వేవాడు. అంతలోనే గొంతు తగ్గించి, "పెదనాన్న ముందు మాత్రం అనకు తల్లీ" అని బతిమాలేవాడు.

ఆ పెదనాన్న దేవకుమార్ గారు, నాకు పెదమామయ్య గారు. ఇక్కడి తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. పంతొమ్మిది వందల డెబ్బైలో చదువుకోవడానికి ఆనార్బర్ యూనివర్సిటీకి వచ్చి, ఈ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. ఇంట్లో ప్రార్థనకి కూడా టై కట్టుకొస్తారు. యూత్ పిల్లలు "యా" అంటే, "యెస్ అనడానికి నోరు నొప్పా?" అని అడుగుతారు. ఆయనకి కాఫీ ఇచ్చేముందు నేను కప్పు అడుగు రెండుసార్లు తుడుస్తాను.

ఆ శనివారం మా ఇంట్లో మొదటి ప్రార్థన కూటం. ఆరింటికి పాస్టరు షాలేం రాజు గారూ, పెద్దత్తయ్య గారూ, అయిదు కుటుంబాలూ వస్తారు. కుర్చీలు సరిపోతాయో లేదో చూడ్డానికి పెదమామయ్య గారు మూడింటికే వచ్చేశారు. నేను వంటింట్లో గారెల పిండి రుబ్బుతున్నాను. మెట్ల మీద మంచు తీసి, ఎప్పట్లాగే నొప్పెడుతున్న నడుం పట్టుకుని లోపలికొస్తూ మణి గుమ్మం దగ్గరున్న నా స్టీలు డబ్బా తెచ్చాడు.

మన వాళ్లు గిన్నె ఖాళీగా తిరిగివ్వరని సన్నీ గారికి నేనే చెప్పాను. గొప్పగా చెప్పాను కూడా. అందుకే లౌజు డబ్బాలో ఆవిడ ఏవో నారింజ రంగు ముక్కలు వేసి పంపింది. పంచదార అద్దినవి, మెత్తగా, జెల్లీలా ఉన్నాయి. మణి మూత తీసి బల్ల మీద పెట్టి, నిలబడే నాలుగు తినేశాడు.

నాలుగున్నరకి మణి కుర్చీలు వెయ్యడం ఆపేసి పైకి చూశాడు.

"ప్రిస్సీ, ఫ్యాన్ ఎందుకు ఊపిరి తీసుకుంటోంది?"

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. చెయ్యి గుండె మీద పెట్టుకుని గోడకి జారగిలబడి కింద కూర్చుండిపోయాడు. పెదాలు తెల్లబడ్డాయి.

"చచ్చిపోతున్నాను ప్రిస్సీ. నిజంగా. మా అమ్మకి ఫోన్ చెయ్యి."

పొయ్యి ఆర్పానో లేదో గుర్తులేదు. ఏం తిన్నాడా అని బల్ల దగ్గరికి పరిగెత్తి పక్కనున్న డబ్బా మూత తిప్పితే లోపలివైపు చిన్న చీటీ అతికించి ఉంది. సన్నీ గారి గుండ్రటి అక్షరాలు: "మణి నడుము నొప్పికి. ఇందులో గంజాయి ఉంది. పడుకునే ముందు సగం ముక్క మాత్రమే."

సగం ముక్క! వీడు నాలుగు తిన్నాడు.

నా వెనకే పెదమామయ్య గారు నిలబడి చదివేశారు. ఇక అయిపోయింది అనుకున్నాను. సంఘపెద్ద ఇంటి కోడలి వంటింట్లో గంజాయి, అదీ మొదటి కూటం రోజున! ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "పాయిజన్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యమ్మా. దాచకుండా చెప్పు" అన్నారు, అంతే.

ఫోన్‌లో నర్సు మణి వయసు, ఎన్ని తిన్నాడు, ఎప్పుడు, ఊపిరి ఎలా ఉంది, ఛాతీ నొప్పి ఉందా అని అడిగింది. భయమే తప్ప నొప్పి లేదన్నాడు మణి. "ఒంటరిగా వదలొద్దు, అరవొద్దు, ఊపిరి ఇబ్బందైతే వెంటనే 911కి చెయ్యండి" అంది. నేను తలుపు తీసి సన్నీ గారిని కేకేసి, వెనక్కి తిరిగి చూశాను.

పెదమామయ్య గారు టై విప్పేశారు. లైట్లు ఆర్పి, డెబ్బై ఏడేళ్ల మోకాళ్లతో నేల మీద కూలబడి, మణి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు. అప్పుడు ఆయన నోట్లోంచి వచ్చిన గొంతు నేనెప్పుడూ వినలేదు. తీరిగ్గా, మెత్తగా, సాగదీసి:

"హే, మ్యాన్. బీ కూల్. యూ ఆర్ ట్రిప్పింగ్, దట్స్ ఆల్. ఇట్స్ ఏ బమ్మర్, బట్ ఇట్ పాసెస్. గో విత్ ది ఫ్లో, బేబీ."

బేబీ!

మణి అంత భయంలోనూ కళ్లు పెద్దవి చేశాడు.

"పెదనాన్నా... నువ్వేనా?"

"నేనే రా. నా చెయ్యి వెచ్చగా ఉంది కదూ? దాన్నే పట్టుకో. ఆ భయం నుంచి పారిపోవాలని చూడకు, దాన్ని గెలవాలని చూడకు. అదొక పెద్ద అల, నువ్వు దాని మీద తేలుతున్నావు. ఊపిరి తియ్. ఫార్ అవుట్. ఇంకోటి."

సన్నీ గారు చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చి, ఏడుస్తూ, "రాశాను కదా హనీ, చేతికే ఇవ్వాల్సింది, నాదే తప్పు" అంటోంది. పెదమామయ్య గారు తలెత్తకుండానే, "డోంట్ కిల్ ది వైబ్స్, సిస్టర్. నీ ఏడుపుకి వాడు బెదిరిపోతాడు. కూర్చో" అన్నారు. ఆవిడ ఠక్కున ఏడుపు ఆపి ఆయన్ని పైనుంచి కింద దాకా చూసింది.

"ఇది నీకు కొత్త కాదు, బ్రదర్."

"కాదు" అన్నారాయన.

గంటసేపు అలా కూర్చున్నారు. మణి పెదాలకి రంగొచ్చింది. గుండె దడ తగ్గింది. కార్పెట్ ఎంత మెత్తగా ఉందో అని ఆశ్చర్యపోవడం మొదలెట్టాడు. అది చూసి నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"ఎక్కడ నేర్చుకున్నారండీ?" అన్నాను, అడగొచ్చో లేదో ఆలోచించకుండానే.

ఆయన రెండో చేత్తో మణి జుట్టు సవరించారు. తరువాత తెలుగులో, తన మామూలు గొంతుతో చెప్పారు.

"డెబ్బై ఒకటిలో నా రూమ్మేటు గ్యారీ. ఆ రోజు వాడికి మత్తు మాత్ర ఇచ్చింది నేనే. ఇలాగే భయపడ్డాడు. నాకు వాడికంటే భయమేసింది. గట్టిగా అరిచాను, దయ్యం పట్టిందన్నాను, బయట గడియ పెట్టి పారిపోయాను. వాడు కిటికీలోంచి దూకాడు."

నేను లేచి మా కిటికీ గడియ చూసొచ్చాను.

"బతికాడు. మళ్లీ నడవలేదు. ఆ తరువాత రెండేళ్లు క్యాంపస్‌లో ఎవరికి ఇలా అయినా వెళ్లి పక్కన కూర్చునేవాణ్ణి. ఈ మాటలే మాట్లాడేవాణ్ణి. ఈ సంగతి మీ పెద్దత్తయ్యకి కూడా తెలియదమ్మా."

బయట కార్ల చప్పుడు, మెట్ల మీద బూట్లు దులుపుకుంటున్న చప్పుడు. ఆరైంది.

"పెదమామయ్య గారూ, మణికి జ్వరం అని చెప్పి పంపించేస్తానండీ" అన్నాను. ఆయన పరువు కోసమే అన్నాను. చీటీ ఆయన జేబులోనే ఉంది. మణి సవ్యంగా మాట్లాడే స్థితిలో లేడు. సన్నీ గారికి తెలుగు రాదు. ఒక్క అబద్ధంతో అంతా సర్దుకుపోతుంది.

కాలింగ్ బెల్ మోగింది. మణి ఉలిక్కిపడి ఆయన చేతిని రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

"ఐ యామ్ రైట్ హియర్, మ్యాన్" అన్నారు పెదమామయ్య గారు వాడితో. తరువాత నా వైపు తిరిగారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"తలుపు తియ్యమ్మా. మీ పెద్దత్తయ్యని ముందు రమ్మను. నేను లేవలేను, వీడి చెయ్యి వదలను. ఇక్కడే కూర్చుని చెప్తాను."