వరస కుదిరిన పిల్ల

రూపేష్ తయారుచేస్తున్న కంప్యూటర్ ఆటలో హీరోని ప్రేమించడానికి ఐదుగురు అమ్మాయిలున్నారు. బయట రూపేష్‌కి ఉన్నది ఒక్కతే, ఆ ఒక్కదానికీ సంగతి ఇంకా చెప్పలేదు.

ఆమె పేరు నవీన. 2005లో తిరుపతి ఇంజనీరింగ్ కాలేజీలో ఇద్దరిదీ ఆఖరి సంవత్సరం, ఇద్దరికీ కలిపి ఒకే ప్రాజెక్టు, ఈ ఆటే. కంప్యూటర్ నవీన వాళ్ళింట్లో ఉంది కాబట్టి రూపేష్ రేణిగుంట నుంచి రోజూ బస్సెక్కి వచ్చేవాడు. సోమవారం ప్రాజెక్టు చూపించేస్తే ఆ ఇంటికి రావడానికి ఇక సాకు ఉండదు. ఈలోగా చెప్పాలి. కానీ నవీనకి ఒక అలవాటుంది. క్లాసులో కొంచెం చనువు తీసుకోబోయిన ప్రతివాడినీ "అన్నా" అని పిలిచి అక్కడికక్కడే కూర్చోబెట్టేస్తుంది. మునిచంద్ర అన్న అయిపోయాడు, యోగానంద అన్న అయిపోయాడు. తనమీద ఆ మాట ఎప్పుడు పడుతుందోనని రూపేష్ రెండేళ్ళుగా బిక్కుబిక్కుమంటూ తిరుగుతున్నాడు.

ఆటలో రాక్షసుల్ని చంపడం గురించి ఇద్దరికీ పేచీ లేదు. పేచీ అంతా ప్రేమ దగ్గరే. ఆడేవాడికి నచ్చినదాన్ని ఎంచుకునే వీలుండాలి, ఐదుగురైనా ఉండకపోతే మజా ఏముందని అతని వాదన. ఐదుగుర్ని పెట్టి ఐదుగురికీ అవే మాటలు రాసేకంటే ఒక్కర్ని పెట్టి సరిగ్గా రాయడం మేలని ఆమె వాదన. అందులో నిజం లేకపోలేదు. ప్రేమ మాటలు, అమ్మాయిల జవాబులతో సహా, రాసింది రూపేషే. "నువ్వు లేకపోతే నాకు పొద్దుపోదు" అని హీరో పూలంగడి అమ్మాయితోనూ అంటాడు, గుర్రాలమ్మాయితోనూ అంటాడు. చివరికి రూపేష్ మాటే నెగ్గింది. ఊళ్ళోవాళ్ళ మామూలు మాటలు రాసే పని నవీన తీసుకుంది.

శనివారం ఇద్దరు రాసినవీ కలిపి మొదటిసారి ఆడించారు. నవీన వాళ్ళ అవ్వ దేవకమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పక్కన కూర్చుంది. తెరమీద పడే ప్రతి మాటా నవీన ఆమెకి చదివి వినిపిస్తోంది. హీరో పూలంగడి అమ్మాయి దగ్గర ప్రేమ మొదలుపెట్టాడో లేదో, అవ్వ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

"ఆ పిల్ల ఇందాక వీళ్ళ నాయన్ని పెదనాయనా అనింది గదా. అట్లయితే వీనికి సెల్లెలు. సెల్లెల్ని సేసుకుంటాడా యాడన్నా?"

రూపేష్ గతుక్కుమని గుర్రాలమ్మాయి దగ్గరికి వెళ్ళాడు. ఆమె హీరో తల్లిని పిన్నమ్మా అంది. ఆమె కూడా చెల్లెలే. మందులిచ్చే అమ్మాయిని హీరో తల్లి చెల్లీ అని పిలిచింది, దాంతో ఆమె పిన్నమ్మ అయి కూర్చుంది. కత్తులు సానబట్టే అమ్మాయి మరీ మోసం, గడపలోనే "రా అన్నా" అంది. ఇక మిగిలింది పూటకూళ్ళ ఇంటి పిల్ల. ఆమె హీరో తల్లిని అత్తా అంది.

అవ్వ తృప్తిగా తలాడించింది. "ఇదొగతే వరస కుదిరింది. ఇంగొగ మాట నాయనా, ఐదుగురూ ఒగే మాదిరి మాట్లాడ్తారే. అదంతా సరేగానీ, అదంతా సరేగానీ అని. అంతా మా నవీన మాదిరే ఉండారు."

చిక్కుళ్ళ చేట ఎత్తుకుని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. రూపేష్ చెవులు ఎర్రబడ్డాయి. ఏ అమ్మాయి మాట రాయబోయినా నవీన గొంతే వినబడేదని, ఇంకో ఆడపిల్ల తన బుర్రలో లేనే లేదని ఎలా చెప్పడం? మాట మార్చడానికి కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

"పిలుపుల్లో పొరపాటు జరిగినట్టుండాది. నాలుగూ మార్చేస్తే సరిపోతాది."

"అది పొరపాటు కాదు," అంది నవీన. "కావాలనే రాసినా. ఐదుగురుండేది నాకు నచ్చలా."

అతను కీబోర్డు వదిలేశాడు. రెండేళ్ళలో ఆమె తనని అన్నా అననే లేదని, ఆ మాటకొస్తే ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చిందని అప్పటికి తట్టింది. ఎంత మొద్దు! వేలెడంత దూరంలో ఉన్నది చూడకుండా రెండేళ్ళు భయపడి చచ్చాడు.

"నీతో ఒగటి సెప్పాల," అన్నాడు.

"అదంతా సరేగానీ, ఐదు తూర్లు రాసినావు గదా, ఐదూ సదివినా." ఆమె తెరవైపే చూస్తోంది గానీ బుగ్గలు నవ్వు ఆపుకోలేకపోతున్నాయి. "ఇంగ నోటితో ఒగ తూరి సెప్పు."

వంటింట్లో తిరగమోత చిటపటలాడింది. అది కాస్త సద్దుమణిగేదాకా ఆగి, రూపేష్ చెప్పాడు. తను రాసిన వాక్యమే, అయినా మధ్యలో రెండుసార్లు తడబడ్డాడు.