తాళం మా దగ్గరే

బ్యాంకు వాళ్లు తలుపు మీద కాగితం అంటించి వెళ్లాక మణికొండలోని మా అపార్ట్‌మెంటులో అందరికీ మా అంతస్తులోనే పని పడింది. లిఫ్టు పొరపాటున ఆగిందంటారు, కాగితం చదువుతారు, పోతారు. ఇల్లు బ్యాంకు స్వాధీనమైందని అందులో పెద్ద అక్షరాలతో ఉంది.

నానక్‌రామ్‌గూడలో నా టిఫిన్ సెంటర్ ముందు రోడ్డు తవ్వి అలాగే వదిలేశారు. ఐటీ టవర్లలో పనిచేసేవాళ్లు అటు రావడం మానేశారు. ఇంటి అప్పు వాయిదాలూ అక్కడే ఆగిపోయాయి.

నా భార్య రాజరాజేశ్వరి మియాపూర్‌లో అద్దె ఇల్లు చూసి వచ్చింది. గిన్నెలన్నీ గోనెసంచుల్లో కట్టేసింది.

"సామాను బయట పడేస్తే చూడలేనండి. మన అంతట మనమే వెళ్లిపోదాం."

లాయరు కరుణమ్మ మాత్రం వేరేలా చెప్పింది. "అది ఇంకా కాగితం మీద స్వాధీనమేనండి. మేజిస్ట్రేటు ఆర్డరు లేకుండా మిమ్మల్ని వెళ్లగొట్టలేరు. బ్యాంకు నోటీసు మీద మీరు రాసిచ్చిన అభ్యంతరానికి వాళ్లు జవాబే ఇవ్వలేదు, ట్రిబ్యునల్‌లో అదే అడుగుదాం. ఈలోగా తాళం మాత్రం ఇవ్వకండి. ఇచ్చి సంతకం పెడితే, ఇష్టపడి అప్పగించారంటారు."

ఆదివారం పొద్దున్నే బెల్లు మోగింది. బ్యాంకు తరఫున వసూళ్లకు తిరిగే అవినాష్. వెనకాల మా అసోసియేషన్ సెక్రటరీ రవికిరణ్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

"నిన్నెవరు లోపలికి రానిచ్చారయ్యా?"

"అక్కనే రానిచ్చింది."

గేటు దగ్గరికి ఎవరొచ్చినా రానివ్వాలా అని ఫోనులో యాప్ అడుగుతుంది. పెరుగువాడనుకుని మా ఆవిడ చూడకుండా నొక్కేసింది. ఇక్కడ అందరూ అలాగే నొక్కుతారు. నొక్కింది సరే, గుమ్మంలోకి వచ్చినవాళ్లకు కాఫీ కూడా పెట్టింది.

"బుల్లిబాబు గారూ, తప్పుగా అనుకోకండి," అన్నాడు రవికిరణ్. "పైన ఒక ఫ్లాట్ సేల్‌కి ఉంది. కొనేవాళ్లు మీ డోర్ చూసి వెనక్కి పోతున్నారు. డీసెంట్‌గా హ్యాండోవర్ చేసేస్తే అందరికీ మంచిదండి."

"ఆ ఫ్లాటు ఎవరిది?"

అతను కప్పులోకి చూశాడు. "మాదేనండి."

అవినాష్ కాగితం తీశాడు. "అన్నా, జర సోంచాయించు. తాళం ఇయ్యి, ఈడ సంతకం పెట్టు. ఫికర్ జెయ్యకు, పైసలు కట్టినంక నీ ఇల్లు నీకే."

"మేజిస్ట్రేటు ఆర్డరు తెచ్చావా?"

"అబ్బో! ఇడ్లీల తోని లా పాయింట్లు గూడ అమ్ముతున్నవా ఏంది?"

"ఏడో తరగతి దాటలేదు తమ్ముడూ. చదువుకున్నవాళ్లు చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. ఇంక పెట్టను."

రాజరాజేశ్వరి నడుముకు దోపుకున్న తాళాల గుత్తి బయటికి తీసింది.

"ఇచ్చేద్దామండి. నలుగురిలో పరువు..."

"పరువు తలుపుకి అంటించేశారు కదే. ఇంకా దాచుకోవడానికి ఏముంది?"

ఆమె ఎవరి వైపూ చూడకుండా గుత్తిని మళ్లీ నడుముకు దోపుకుంది.

"మల్ల వస్త," అంటూ అవినాష్ లేచాడు. "కాఫీ మస్తుగుంది అక్కా."

"ఆర్డరుతో రా," అన్నాను. రవికిరణ్ కాఫీ ముట్టకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు కరుణమ్మ దగ్గర అర్జీ మీద సంతకం పెట్టాను. ట్రిబ్యునల్ ఏమంటుందో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగే ఓపిక లేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే మా ఆవిడ ఫోను మోగింది. తెర మీద "అవినాష్, డెలివరీ, రానివ్వాలా?" అని ఉంది.

"ఏం నొక్కనండి? నిన్ననే కాఫీ తాగి వెళ్లాడు. వద్దంటే బాగోదేమో."

"వద్దనే నొక్కు."

కళ్లు మూసుకుని నొక్కింది. కాసేపాగి వంటింట్లోకి వెళ్లి ఒక గోనెసంచి ముడి విప్పింది. అన్నం వండే గిన్నె తీసుకుని, మళ్లీ ముడి వేసేసింది. మిగతావి విప్పమని నేనూ అనలేదు.