నోట్లో పట్టని కుంచె

నాకు పేరు తెచ్చింది నా గీత. వెంట్రుక కన్నా సన్నంగా ఉండేది. ఆ గీతతో పక్షుల్ని గీసేదాన్ని, ఒక్కో ఈక విడివిడిగా కనిపించేలా. గ్యాలరీ మేడమ్ నన్ను పిలిచేదే "సన్నగీతా" అని. కాలేజీలో మాస్టారు నేర్పిన పద్ధతి ఇది. కుంచెను రంగులో ముంచి, పెదాల మధ్య పెట్టి తిప్పితే మొన తేలుతుంది. పన్నెండేళ్లు అలాగే గీశాను.

తిండి దగ్గర మాత్రం నేను మహా గట్టిదాన్ని. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. ఆ చదువును ప్యాకెట్ల వెనక సన్న అక్షరాలు చదవడానికి కూడా వాడాను. ఎగ్జిబిషన్ ప్రారంభాల్లో అందరూ వేయించినవీ తీపివీ తింటుంటే, నేను ఓ మూల నిలబడి డబ్బా తెరిచి ఉడికించిన చిక్కుడు గింజలు, పచ్చి క్యారెట్ తినేదాన్ని. తిన్నది తిన్నట్టు నోటుబుక్కులో రాసుకునేదాన్ని.

అలాంటి నాకు కడుపునొప్పి, వేళ్లలో సత్తువ లేకపోవడం. రక్తపరీక్ష చేయించి, రక్తంలో సీసం చేరిందన్నారు డాక్టరు.

"ఏమేం తింటారమ్మా?"

నోటుబుక్కు ఇచ్చాను. ఆవిడ నాలుగు పేజీలు తిప్పి, "ఇందులో తప్పేం లేదే" అన్నారు.

పక్కన కూర్చున్న అమ్మ ఊరుకోలేదు. "అందులో రాయనిది ఒకటుందండీ. పొద్దస్తమానం కుంచె చీకుతుంది. చిన్నప్పుడు బొటనవేలు, ఇప్పుడిది."

డాక్టరు కళ్లజోడు తీసి నన్నే చూశారు. "మీరు వాడే రంగు డబ్బా మీద ఏం రాసుందో చదివారా?"

ఇంటికెళ్లి చదివాను. తెల్లరంగు పొడి డబ్బా మీద, సీసంతో చేసిందనీ, నోటికి తగలనివ్వొద్దనీ పెద్ద అక్షరాలతోనే ఉంది.

అప్పటికి ఎగ్జిబిషన్ ఐదు వారాల్లో ఉంది. పదహారు చిత్రాల్లో పన్నెండు అయ్యాయి. ముందు గోడకు పెట్టాల్సిన పెద్దవి నాలుగూ మిగిలాయి. ఆ డబ్బా వదిలించుకుని సీసం లేని తెలుపు కొన్నాను. దాని మీదా నోట్లో పెట్టుకోవద్దనే ఉంది. మొన తేల్చుకోవడానికి తడి స్పాంజి పక్కన పెట్టుకున్నాను. చెయ్యి వింటేనా! గీత మీద ధ్యాస పడగానే కుంచె పెదాల దగ్గరికి వచ్చేసేది.

నాన్న ఇళ్లకు రంగులు వేస్తారు. గోడలు గీకేటప్పుడు పెట్టుకునే మాస్కు ఒకటి తెచ్చి నాకు తగిలించారు. సాయంత్రం తీసి చూస్తే, సరిగ్గా నోటి దగ్గర తెల్లటి చుక్కలు. అమ్మ లెక్కపెట్టింది.

"నలభై ఒకటి. నీ సంగతేమో గానీ, మాస్కుకి కడుపు నిండింది."

నవ్వు రాలేదు నాకు.

మర్నాడు మేడమ్ చూడ్డానికి వచ్చింది. సంగతంతా విని నా భుజం తట్టింది. "ఈ నాలుగూ ఎలాగోలా కానిచ్చేయ్ సన్నగీతా. తర్వాత మానేద్దువుగాని. మీ మాస్టారు డెబ్బై ఏళ్లు బతకలేదూ?"

"బతికారు మేడమ్. చివరి పదేళ్లు చెయ్యి వణికి ఒక్క గీత గీయలేదు. చెంచాతో నేను తినిపించేదాన్ని. ఎందుకు వణికిందో ఎవరూ పరీక్ష చేయించలేదు."

"జనం వచ్చేది నీ గీత కోసం."

"గీత నాదే. నోరూ నాదే. ఇక పెట్టను."

ఆవిడ వెళ్లాక నాన్న సంచీలోంచి నాలుగంగుళాల కుంచె తీసి బల్ల మీద పెట్టారు. "ఇదైతే నోట్లో పట్టదులే."

మొదటి రెండు కాగితాలూ తగలేశాను. పక్షి కాదు, తడిసిన గోనెసంచి వచ్చింది. నాన్న వెనక నిలబడి చూసి, "మణికట్టు తిప్పకు తల్లీ. భుజంతో లాగు" అన్నారు. లాగాను. ఒక్క ఊపులో రెక్క వచ్చింది. ఈకలు లేవు. ఎగిరే బరువు మాత్రం ఉంది.

నాలుగూ చూసి మేడమ్ మొహం చిట్లించింది. "ఇవి వెనక గదిలో పెడదాం."

"ముందు గోడకే మేడమ్. కాదంటే పదహారూ పట్టుకుపోతాను."

ఇంకే గ్యాలరీ నన్ను పిలవలేదు. అది ఆవిడకీ తెలుసు. కానీ ఆహ్వానాలు అప్పటికే పంచేసింది. టేపు తీసి ముందు గోడ కొలుస్తూ, "ఎవరూ ఆగి చూడకపోతే నన్ననకు" అంది.

"అనను. ఇంకోటి, వీటి పక్కన మాస్కు కూడా పెట్టాలి."

ప్రారంభం రోజున జనం అన్నిటికన్నా ముందు ఆ మాస్కు దగ్గరే ఆగారు. ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, "మీ సన్నగీత ఏమైందమ్మా?" అన్నాడు, పోగొట్టుకున్నది తన వస్తువే అన్నట్టు.

"నన్ను తినేస్తోందండీ. వదిలేశాను."

ఆయనకు నచ్చలేదు. నచ్చకపోతే పోనీ. అవతల నాన్న ఇస్త్రీ చొక్కాలో రెక్క ముందు నిలబడి, ఎవరూ చూడట్లేదనుకుని భుజం కొంచెం ఎత్తి దించుతున్నారు.

ఈసారి మూలకి పోలేదు. గది నడుమ కుర్చీ వేసుకుని, డబ్బా తెరిచి, అందరూ చూస్తుండగా క్యారెట్ కరకరలాడించాను. నోటుబుక్కు తీసి రాశాను: చిక్కుడు గింజలు, క్యారెట్. కుంచె లేదు.

ఇంకేం తిన్నానా అని ఆలోచిస్తుంటే, పెన్ను పెదాల దాకా వచ్చింది.

"ఊఁ!" అంది పక్కనుంచి అమ్మ.

దించేశాను.